వినతిపత్రంగారు

బెజవాడ ఆటోనగర్‌లో లేత్ తిప్పేవాళ్లకీ, లారీ బాడీలు కట్టేవాళ్లకీ, కమాన్ కట్టలు సరిచేసేవాళ్లకీ, రేడియేటర్లు అతికేవాళ్లకీ తలా ఒక షెడ్డు, తలా ఒక సంఘం, సంఘానికో అధ్యక్షుడు. అధ్యక్షులవారి షెడ్డులో మెషిన్లు కొడుకు చూసుకుంటాడు, ఆయన వినతిపత్రం చూసుకుంటారు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో ప్లాస్టిక్ ఫోల్డరు. ఫోల్డరులో లెటర్‌హెడ్డు మీద నాలుగు పేజీలు, ఇరవై ఒక్క డిమాండ్లు. కారు డిక్కీలో శాలువాలు అరడజనుకు తగ్గకుండా ఉంటాయి. ప్రభుత్వం మారితే మొదటి పేజీలో ‘గౌరవనీయులైన’ తర్వాత పేరొక్కటే మారుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో తెల్లారకుండా లేచి సాతవాహన ఎక్కి, హైదరాబాద్ సచివాలయం మెట్లు అరగదీసిన తరం ఇది. 2017లో శాసనసభ వెలగపూడికి వచ్చేసింది. ఇప్పుడు బ్యారేజీ దాటి కరకట్ట మీదుగా వెళ్లొస్తే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరొచ్చు. దారి తగ్గింది, పేజీలు తగ్గలేదు.

ఈయన్ని చూసి శాలువా దగ్గర నవ్వడం తేలిక. అసలు నవ్వు రావాల్సింది ఆ జాబితా దగ్గర. ఇరవై ఒక్క డిమాండ్లూ చదివితే అవి ఎమ్మెల్యేగారి కోసం రాసినవి కావని ఇట్టే తెలిసిపోతుంది. అవి సభ్యుల కోసం రాసినవి. బాడీ బిల్డర్ల మాట తీసేస్తే వాళ్లు అలుగుతారు, ఫౌండ్రీవాళ్ల మాట కిందికి జరిపితే చందా ఆపేస్తారు, కోశాధికారిగారి వీధిలో డ్రైనేజీ చేర్చకపోతే లెక్కలే ఆగిపోతాయి. అందుకే ఇంద్రకీలాద్రి మెట్లెక్కి అమ్మవారికి మొక్కుకున్నట్టు, అమ్మాయి పెళ్లి దగ్గర్నుంచి మోకాళ్ల నొప్పి దాకా అన్నీ ఒకే చోట విన్నవించుకుంటారు. అమ్మవారైతే ఏ శాఖదైనా చూసుకుంటుంది. ఎమ్మెల్యేగారికి ఆ వెసులుబాటు లేదు. విడిభాగాల మీద జీఎస్టీ తగ్గించాలంటే జీఎస్టీ మండలిలో నాలుగింట మూడు వంతుల ఓటు కావాలి, అక్కడ రాష్ట్రానికి ఉన్నది ఒక్క మంత్రి గొంతు. కరెంటు రేటు విద్యుత్ నియంత్రణ మండలి తేలుస్తుంది, దానికి బహిరంగ విచారణ వేరే ఉంది. బస్సు బాడీకి ఏఐఎస్-052, లారీ బాడీకి ఏఐఎస్-093 అనే కొలతల చట్రాలు ఢిల్లీ నుంచి వచ్చినవి. చిన్న షెడ్డువాడికి అవి అందని ద్రాక్షలే, నిజమే. కానీ వాటిని సడలించడం బందరు రోడ్డు మీద ఆఫీసున్న ఏ ప్రజాప్రతినిధి చేతిలోనూ లేదు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు? పైన ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి సంతకం పెడతారు. వినతిపత్రంగారు దాన్ని సగం విజయంగా లెక్కేసుకుంటారు.

ఇక పూర్తి విజయం సంగతి. 2025 సెప్టెంబరు 22న విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. దేశమంతటా వాహన పరిశ్రమ ఏళ్ల తరబడి అడిగింది, కేంద్ర, రాష్ట్రాల మంత్రులు కూర్చుని తేల్చారు. మన అధ్యక్షులవారు మాత్రం ఆ మర్నాడే ‘మా వినతికి స్పందన’ అని పత్రికా ప్రకటన పంపించగలరు. వాన కురిశాక కప్ప లేచి ‘చూశారా, నేను అరిచాను’ అన్నట్టు. కప్ప అరవడం అబద్ధం కాదు. వాన పడటమూ అబద్ధం కాదు.

ఈయన కష్టమంతా చూడాలంటే బకాయిల డిమాండు చదవాలి. పెద్ద కంపెనీలూ ప్రభుత్వ శాఖలూ సరుకు తీసుకుని ఆర్నెల్లకీ డబ్బులివ్వడం లేదు, కొత్త చట్టం తేవాలి అని ఏటా మూడో నంబరులో ఉంటుంది. ఆ చట్టం 2006లోనే వచ్చింది. చిన్న పరిశ్రమకు 45 రోజులు మించి డబ్బు ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు వినడానికి ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. కొనుగోలుదారు ఓడిపోయి కోర్టుకెక్కాలంటే సొమ్ములో 75 శాతం ముందు కట్టాలి. కృష్ణా డెల్టాలో ఏ వడ్డీ వ్యాపారీ ఇంత ముచ్చటగా ప్రామిసరీ నోటు రాయించుకుని ఉండడు. అయినా కౌన్సిల్ గుమ్మం తొక్కడానికి అధ్యక్షులవారు జంకుతారు, ఫిర్యాదు చేస్తే రేపటి ఆర్డరు పోతుందని. అది పిరికితనం అనను. ఒకే ఒక్క కొనుగోలుదారు మీద బతికే షెడ్డు లెక్క అలాగే ఉంటుంది. 2023 ఫైనాన్స్ చట్టం ఆ భయానికే మందు వేయబోయింది. గడువులో చెల్లించని సొమ్ము ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదంది, కాబట్టి ఫిర్యాదు లేకుండానే కొనేవాడికి నొప్పి పుడుతుంది. 2024 ఏప్రిల్ నుంచి అమలు. తీరా వచ్చాక వ్యాపార సంఘాలు దాన్ని వాయిదా వేయమని అడిగాయి, కొనేవాళ్లు రిజిస్ట్రేషన్ లేని చోటికి పోతారన్న భయంతో. ఏళ్ల తరబడి అడిగిన వరం చేతికొచ్చాక దేవుణ్ణి కాస్త ఆగమన్నట్టయింది.

మరి రాష్ట్ర శాసనసభ్యుడి చేతిలో నిజంగా ఉన్నదేది? విద్యుత్ సుంకం ఉంది. కరెంటు వాడకం మీద పన్ను రాజ్యాంగం రాష్ట్రానికి రాసిచ్చిన పన్ను. 2022లో పరిశ్రమలకూ వ్యాపార కనెక్షన్లకూ యూనిట్‌కు 6 పైసలున్న ఆ సుంకాన్ని ఒక్క దెబ్బతో రూపాయి చేశారు. నెలకు పదివేల యూనిట్లు కాల్చే షెడ్డుకు 600 రూపాయలు పదివేలయింది. ఢిల్లీ వెళ్లక్కర్లేదు, మండలి కూర్చోనక్కర్లేదు, వెలగపూడిలో తేలాల్సిన సంగతి. మన వినతిపత్రంలో ఇలాంటిది పదిహేడో నంబరులో, సంఘ భవనానికి స్థలం కేటాయింపునకూ అధ్యక్షులవారి జిల్లా కమిటీ సభ్యత్వానికీ మధ్యన ఇరుక్కుని ఉంటుంది.

‘చిన్నవాళ్లకి సెక్షన్లేం తెలుస్తాయండీ, అవన్నీ పెద్ద చాంబర్ల పని’ అంటారు కొందరు. పనికిరాని మాట కాదు. కానీ సంఘంలో ప్రతి షెడ్డుకూ ఒక ఆడిటరుగారు ఉంటారు, శాలువాల ఖర్చులో సగం ఆయనకిస్తే ఒక పేజీ రాసిపెట్టలేరా? ఇంకొందరి మాట మరీ గట్టిది: శాలువా కప్పి తీయించుకునే ఫోటో వృథా కాదు, ఎమ్మెల్యేగారి పక్కన నిలబడ్డ ఫోటో షెడ్డు గోడకుంటే తనిఖీకి వచ్చినాయన కాసేపు కుర్చీలో కూర్చుని టీ తాగి మాట్లాడతాడు. దీన్ని ఒప్పుకోక తప్పదు. ఆ ఫోటో తాయెత్తు లాంటిది, కట్టుకున్నవాడిని కాపాడుతుంది. పక్క షెడ్డువాడి కరెంటు బిల్లు మాత్రం దాంతో తగ్గదు. అసలు చిక్కు మన భాషలోనే ఉందేమో. అమెరికాలో చట్టసభ సభ్యుల దగ్గరికి వాదించడానికి వెళ్లేవాళ్లు 1995 చట్టం కింద పేరు నమోదు చేసుకుని బాహాటంగా వెళతారు. మన దగ్గర అలాంటి చట్టం కోసం 2013లో లోక్‌సభలో ఒక ప్రైవేటు మెంబరు బిల్లు వచ్చింది, బిల్లుగానే మిగిలింది. తెలుగులో ఈ పనికి ఉన్నవి రెండే మాటలు. ఒకటి పైరవీ, అంటే చాటుగా చేసేది. రెండోది వినతి, అంటే చేతులు కట్టుకుని చేసేది. తల ఎత్తుకుని, కాగితం చూపించి, ఇది ఇందువల్ల తప్పు అని చెప్పే పనికి మాట లేకపోతే మనిషి మటుకు ఎలా పుడతాడు?

పుట్టడానికి చోటు లేకపోలేదు. శాసనమండలిలో టీచర్లకు ఐదు సీట్లు, పట్టభద్రులకు ఐదు, లేత్‌కు ఒక్కటీ లేదు. కానీ 175 మంది ఉన్న శాసనసభలో సమావేశాలప్పుడు ప్రశ్నోత్తరాల సమయం ఉంటుంది. సరైన ప్రశ్న ఒకటి రాసిస్తే, సభలో ఎమ్మెల్యేగారు లేచి ‘అధ్యక్షా’ అన్నప్పుడు మంత్రిగారు జవాబు చెప్పి తీరాలి, అది రికార్డులోకి ఎక్కి తీరాలి. ఇరవై ఒక్క డిమాండ్లను ఎవరూ ప్రశ్నగా అడగలేరు. కాబట్టి అధ్యక్షులవారూ, వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందు ఆ పదిహేడో నంబరు ఒక్కటే ఒక పేజీ మీద రాయించండి, దానికి మీ షెడ్డు కరెంటు బిల్లు పిన్ను కొట్టండి, మిగతా ఇరవైనీ డిక్కీలో శాలువాల కింద ఉండనివ్వండి.