తాగకపోతే చస్తారట!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు ఎక్సైజ్ వాళ్లు కల్లు డిపోల మీద పడ్డప్పుడల్లా ఒక వాదన సిద్ధంగా ఉంటుంది. మా కల్లు విషమే అయితే తాగిననాడే పడిపోవాలి గదా, మీరు బంద్ పెట్టిన మూడోనాడు పడిపోతున్నరేంది? కాబట్టి చంపుతున్నది కల్లు కాదు, కల్లును ఆపినోళ్లు. ఇంత సూటైన నేరాంగీకారాన్ని ఏ పోలీసు స్టేషన్‌లోనూ రాబట్టలేరు. అంబలి మానేసినవాడికి ఫిట్స్ రావు. మజ్జిగ దొరకలేదని ఎవరూ గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెట్టరు. చెట్టు నుంచి దించిన కల్లులో ఉండేది నూటికి నాలుగైదు వంతుల ఆల్కహాలు. ఏళ్ల తరబడి సారా, బ్రాందీ దండిగా తాగినవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ వచ్చే మాట నిజమే. రోజుకు రెండు మూడు సీసాల కల్లుతో మాత్రం ఊళ్లకు ఊళ్లు ఆ గతికి రావు. వచ్చాయంటే, చెట్టు ఇవ్వనిదేదో సీసాలో ఉందన్నమాట.

అదేమిటో రహస్యం కాదు. ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. మొదటి రెండూ డాక్టర్లు ఆందోళనకు, నిద్రకు మిల్లీగ్రాముల లెక్కన రాసేవి. మూడోది 1869లో నిద్రమందుగా వాడుకలోకి వచ్చింది, అంతకంటే మేలైనవి దొరికాక వైద్యులు చాలావరకు వదిలేశారు. ఐరోపా అటకెక్కించిన మందును పాలమూరు పల్లెల్లో ఇంకా బతికించి ఉంచిన ఘనత మన డిపోలదే! ఇవన్నీ మెదడులో 'గాబా' అనే రసాయనానికి బలమిచ్చి నరాల ఉద్రేకాన్ని అణుస్తాయి. రోజూ బయటినుంచి బ్రేకు పడుతుంటే మెదడు తన బ్రేకు సడలించుకుంటుంది. బయటి బ్రేకు ఒక్కసారిగా తీసేస్తే బండి పల్లానికి పోతుంది. ఆల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా దిగిపోయే రకం గనక మర్నాటికే చేతులు వణుకుతాయి, చెంబు ఎత్తితే నీళ్లు నోట్లోకి కాక ఛాతీ మీదికి ఒలుకుతాయి. చెమటలు, కునుకు లేని రాత్రి, ఎదుట లేని మనుషులతో మాటలు, ఆపైన ఫిట్స్. పిచ్చి లేసిందని మంచానికి కట్టేసే ఇళ్లున్నాయి, దయ్యమని నిమ్మకాయలు కోసే ఇళ్లూ ఉన్నాయి. ఇంతలో ఎవరో ఒక సీసా తెచ్చి పోస్తే కాసేపటికి దయ్యం దిగిపోతుంది. ఇక డిపోవాడికి మించిన భూతవైద్యుడెవడు?

2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు జనం సరిగ్గా ఈ లక్షణాలతోనే వచ్చారు, కొందరు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా పోయారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పటికింకా మహబూబ్‌నగర్ జిల్లాలోవే. 2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ ప్రభుత్వాసుపత్రిలో మళ్లీ అదే వరస, ఈసారి చావులతో సహా. అప్పుడు నడిచిన తర్కం చూడాలి: కల్తీ కల్లు తాగి పోయారా, తాగడం మానేసి పోయారా? రెండోదని తేలితే కల్లు కడిగిన ముత్యమైపోతుందన్నట్టు!

నిజం చెప్పాలంటే చెట్టే పెద్ద సాక్షి. తాళ్లయినా ఈదులైనా ఏడాది పొడుగునా ఒకే తీరున పారవు. డిపో మాత్రం ఎండలకూ వానలకూ ఒకే లెక్కన పారుతుంది. ఆ లోటు పూడ్చే పొడి ఎక్కడిదంటారా? 2025 సెప్టెంబరులో హైదరాబాద్ బోయిన్‌పల్లిలో, ఒక పక్క తరగతులు నడుస్తున్న ప్రైవేటు స్కూలు భవనంలోనే ఆల్ప్రాజోలం తయారీ పట్టుబడింది. సరుకు మహబూబ్‌నగర్ దిక్కు కల్లు దుకాణాలకు పోతున్నదని అధికారులు చెప్పారు. ఈ పొడి వంద గ్రాములు దాటి దొరికితే మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద పదేళ్లకు తక్కువ కాని జైలు. అదే పొడి నీళ్లలో, శాకరిన్‌లో కలిసి సీసాలోకి దిగితే కులవృత్తి.

ఇక్కడే గౌడన్నల పొట్ట కొడతారా అని లేస్తారు. మోకు, ముత్తాదు కట్టుకుని ప్రాణాలకు తెగించి చెట్టెక్కేవాడి పొట్ట కొట్టింది ఆ పొడే. గుప్పెడు మందుతో డ్రమ్ములు నిండుతుంటే అతను దించిన లొట్టిని అడిగేదెవరు? రెండో అభ్యంతరానికి బరువెక్కువ. సీడ్ పత్తి చేలో పొద్దంతా వంగి పనిచేసిన మనిషికి ఆ పూట నిద్ర పట్టించేది ఇంకేముంది? మొదటి నెలల్లో ఈ మాట నిజమే. తర్వాత ఒక సీసా చాలినచోట మూడు కావాలి, పొద్దున లేస్తూనే కావాలి, ఒక్క పూట ఆలస్యమైతే వణుకు మొదలు. అలసట తీరడానికి తాగే దశ దాటి, వణుకు ఆగడానికి తాగే దశ వచ్చిందంటే దాన్ని అలవాటనరు, జబ్బంటారు. గుర్తుపట్టడానికి ఇంతకంటే పెద్ద పరీక్షలేమీ అక్కర్లేదు. గట్టిగా అనుకుంటే మానలేరా అనే పెద్దమనుషులు మాత్రం ప్రమాదకరం. మనసు గట్టిదైన కొద్దీ ఒక్కసారిగా మానేస్తాడు, ఫిట్స్ తెచ్చుకుంటాడు.

వైద్యం కొత్తది కాదు, ఖరీదైందీ కాదు. ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డైజిపాం లాంటి మందును సరిపడా ఇచ్చి, మనిషిని చూస్తూ వారాల మీద మోతాదు తగ్గించుకుంటూ రావడం. ఫిట్స్ వచ్చినవాణ్ని ఆసుపత్రిలోనే ఉంచడం. ఇదీ మందే, అదీ మందే, తేడా ఏముందని డిపోవాళ్లు నవ్వొచ్చు. తేడా ఉంది. డాక్టరు కొలిచి తగ్గిస్తాడు, డిపోవాడు గుప్పెడుతో పెంచుతాడు. మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా 2017 మానసిక ఆరోగ్య చట్టం జబ్బుల్లోనే లెక్కగట్టింది, అంటే ఈ చికిత్స హక్కు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి, గద్వాలకు 2024లో వచ్చింది. ఫోను చేయాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉంది. ప్రతి వణుకునూ ఎర్రగడ్డ బస్సెక్కించే రోజులు పోవాలి.

దాడులు ఆపమని కాదు. డిపోకు తాళం వేస్తే మూడోనాటికి ఏ వీధిలో ఏం జరుగుతుందో 2015 నుంచీ సర్కారుకు తెలుసు. తాళం వేయబోయే ముందురోజు ఆసుపత్రికి ఫోను చేసి, మంచాలెన్ని ఖాళీ, డైజిపాం ఎంత ఉంది, ఏ ఊరికి ఆశా కార్యకర్తను పంపాలి అని అడగడానికి కొత్త జీవో కూడా అక్కర్లేదు.