పాఠం చెబుతూ దొరక్కండి మాస్టారూ!

గ్రేడ్-2 హెచ్‌ఎంగా ప్రమోషన్ వచ్చిన మాస్టారికి నమస్కారాలు. కౌన్సెలింగ్‌లో ఏ ఊరు పడిందో తర్వాత మాట్లాడుకుందాం. మీ ఫోన్ ఏ మోడలో ముందు చెప్పండి. పాతదైతే ఈ ఆదివారమే టౌనుకెళ్లి మంచి కెమెరా, పెద్ద బ్యాటరీ ఉన్నది తెచ్చుకోండి. డబ్బులు మీవే. డేటా కూడా మీదే. ప్రభుత్వం తన వంతుగా యాప్ ఇస్తుంది.

ఇన్నాళ్లూ స్కూల్ అసిస్టెంటుగా చాక్‌పీసు పట్టుకున్నారు కాబట్టి మీకు లెక్కలు చెప్పడం వచ్చు. ఆ అలవాటు వీలైనంత త్వరగా మానుకోవాలి. ఇప్పుడు మీరు నాయకులు. నాయకత్వ శిక్షణ కూడా ఉంటుంది, కంగారుపడకండి. దానికి వెనకాల చిన్నా చితకా వాళ్లు లేరు, సాక్షాత్తూ ప్రపంచ బ్యాంకు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చదువుల నాణ్యత పెంచడానికి 2021లో ఆ బ్యాంకు 'సాల్ట్' పేరుతో 25 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ఫలితాలు చూపిస్తేనే సొమ్ము విడుదలయ్యే పద్ధతి అది. ఫలితాల సంగతి ఎలా ఉన్నా, చూపించడంలో మనల్ని మించినవాళ్లు లేరని మీకు త్వరలోనే అర్థమవుతుంది.

శిక్షణలో విజన్ అంటారు, మిషన్ అంటారు, చార్టులిచ్చి స్కెచ్ పెన్నులతో చెట్టు గీయమంటారు. గీయండి. తిరిగి బడికొచ్చాక మీ అధికారాలేమిటో ఓసారి లెక్కేసుకోండి. ఖాళీగా ఉన్న హిందీ పోస్టులో ఎవరినైనా వేసుకోగలరా? లేదు. పిల్లలకు ఇంకా కూడికలే రాలేదు, ఈ నెల పరీక్ష పది రోజులు ఆగి పెడదామంటే కుదురుతుందా? కుదరదు. సిలబస్ ఏ వారం ఎక్కడుండాలో, ఏ పూట ఏ ప్రశ్నపత్రం తెరవాలో అంతా పైనుంచే వస్తుంది. మరి నాయకుడు చేసేదేమిటి? ఫార్వర్డ్ చేస్తాడు. రాష్ట్ర ఆఫీసు నుంచి డీఈవోకి, అక్కణ్నుంచి డిప్యూటీ ఈవోకి, ఎంఈవోకి, క్లస్టర్‌కి దిగుతూ దిగుతూ మీ వాట్సాప్‌లో ఒక మెసేజీ పడుతుంది. పైన 'అత్యవసరం' అని ఉంటుంది. మీరు దానికి ముందు 'అతి' చేర్చి స్టాఫ్ గ్రూపులో వేయాలి. అంతవరకూ మీకు పూర్తి స్వయంప్రతిపత్తి ఉంది.

పొద్దున్నే మొహం చూపించే కార్యక్రమంతో రోజు మొదలవుతుంది. 2022 ఆగస్టు 16 నుంచి మన దగ్గర ఇదొక ఆచారం. తొమ్మిదింటికల్లా టీచర్ మొహాన్ని యాప్ గుర్తుపట్టాలి. ఒక్క నిమిషం దాటితే సెలవు పోతుందన్నారు అప్పట్లో. దాంతో ఎనిమిదీ యాభైకి బడి వరండాలో స్టాఫంతా వరసగా నిలబడి, ఫోన్లు ఆకాశానికెత్తి, సిగ్నల్ దేవుడికి నైవేద్యం పెట్టేవాళ్లు. ప్రార్థనకు పిల్లలు ఎదురుగా నిలబడి ఈ మరో ప్రార్థన చూసేవాళ్లు. తెలంగాణ సోదరులు మనల్ని చూసి కొన్నాళ్లు నవ్వుకున్నారు. 2025లో వాళ్ల మొహాలకూ యాప్ వచ్చింది.

ఆ తర్వాత పిల్లల హాజరు, భోజనాల సంఖ్య, గుడ్లు, రాగిజావ, చిక్కీ, సన్నబియ్యం బస్తాలు. ఆ పైన మరుగుదొడ్లు. ఈ ఘట్టం మీరు తప్పించుకున్నారు గానీ చరిత్ర కోసం తెలుసుకోవాలి. పిల్లలకు తొలి పాఠం చెప్పాల్సిన వేళ రాష్ట్రంలోని హెడ్మాస్టర్లు మరుగుదొడ్ల ఫొటోలు తీసి అప్‌లోడ్ చేశారు. ప్రభుత్వం మారాక ఆ డ్యూటీ తీసేశారు. అయితే నిజం చెప్పుకోవాలి. ఆ దొడ్లలో నీళ్లు రావడం, వాటిని కడిగే ఆయమ్మ ఉండటం చిన్న విషయం కాదు. ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగడం మానేసి కూచున్న బడులు మనకు తెలుసు. 'నాడు-నేడు' మొదటి విడతలో 15,715 బడుల్లో ఫ్యాన్లు తిరిగాయి, బల్లలొచ్చాయి, కుళాయిలొచ్చాయి. దాన్ని కాదన్నవాడు బడి మొహం చూడనివాడు. రెండో విడతలో మాత్రం స్లాబు దాకా లేచి ఆగిపోయిన గదులు చాలాచోట్ల ఉన్నాయి. మీ బడిలోనూ ఒకటుంటే, దాని పేరేమిటో మాత్రం జాగ్రత్తగా పలకండి. 'నాడు-నేడు' ఇప్పుడు లేదు, 'మన బడి - మన భవిష్యత్తు' ఉంది. గది అదే. దాని మీద మొలిచిన రావి మొక్క కూడా అదే.

పేర్ల దగ్గర తడబడితే మెమో ఖాయం కాబట్టి కాస్త కంఠతా పట్టండి. 'గోరుముద్ద' ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరున వడ్డిస్తున్నాం. 'విద్యా కానుక' సంచీ ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి 'విద్యార్థి మిత్ర'. 'అమ్మ ఒడి' ఇప్పుడు 'తల్లికి వందనం'. ఈ చివరిది ప్రత్యేకం. 2020లో అమ్మ ఒడి మొదలైనప్పుడు తల్లి ఖాతాలో 15 వేలు పడ్డాయి. మరుసటి ఏడు మరుగుదొడ్ల నిర్వహణకని వెయ్యి కోశారు. మూడోసారి రెండు వేలయింది. 2025లో తల్లికి వందనం పెట్టినప్పుడు ఖాతాలో ఎంత పడింది? 13 వేలు. పార్టీ మారింది, ముఖ్యమంత్రి మారారు, పథకం పేరు మారింది. ఆ రెండు వేల కోత మాత్రం చెక్కుచెదరలేదు. రాష్ట్రంలో విధానాల కొనసాగింపు లేదని వాపోయే మేధావులకు ఈ ఉదాహరణ చూపించండి.

తెలంగాణలో ఇంకో ముచ్చట జరిగింది. అక్కడ 2022లో 'మన ఊరు - మన బడి' అని 26 వేల పైచిలుకు బడులకు 7,289 కోట్లతో ఘనంగా పథకం ప్రకటించారు. 2024కల్లా అది 'అమ్మ ఆదర్శ పాఠశాల' అయింది, అది మామూలే. అసలు ముచ్చటేమిటంటే, ఆ జూన్‌లో పిల్లలకిచ్చిన కొత్త తెలుగు వాచకాల ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరు అలాగే ఉండిపోయింది. గగ్గోలు లేచింది. పంచిన పుస్తకాలు వెనక్కి తీసుకున్నారు, ఆ పేజీని జిగురుతో అంటించేశారు. అయిదో తరగతి పిల్లాడు పాఠం చదవలేకపోతున్నాడని పుస్తకాలు వెనక్కి తీసుకున్న ప్రభుత్వం ఏదీ ఇంతవరకు నాకు కనపడలేదు.

మీ బడిలో 2025 జూన్‌లో ఏడో తరగతికొచ్చిన ఏ పిల్లనైనా తీసుకోండి. 2019 జూన్‌లో ఒకటో తరగతిలో చేరింది. చేరిన కొన్ని నెలలకే బడి ఇంగ్లిషు మీడియం అన్నారు, ఆ జీవో మీద కోర్టుకెళ్లారు. అక్షరాలు కుదురుకునే రెండేళ్లూ కరోనా తినేసింది. నాలుగుకొచ్చి నిలబడే లోపు 2022లో 117 జీవో వచ్చి బడులను ఆరు రకాలు చేసింది. శాటిలైట్ ఫౌండేషన్, ఫౌండేషన్, ఫౌండేషన్ ప్లస్, ఇలా. చాలా ఊళ్లలో మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలు పక్కవీధి బడి వదిలి హైస్కూలుకి రోడ్డు దాటారు. ఆ పిల్ల ఒక ఏడాది 'ఫౌండేషన్ ప్లస్', మరో ఏడాది 'ప్రీ-హైస్కూల్'. తర్వాత ఆ జీవో తప్పని తేలి, 2025లో సరిదిద్దారు. ఇప్పుడు బడులు తొమ్మిది రకాలు.

ఇది చాలదన్నట్టు మధ్యలో సీబీఎస్‌ఈ వచ్చి వెళ్లింది. టోఫెల్ వచ్చి వెళ్లింది. ఐబీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది. ఈ పిల్ల వాళ్లన్న ఎనిమిదిలో ఉండగా 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజు నాడు, ట్యాబ్ అందుకున్నాడు. అందులో పాఠాలు బైజూస్‌వి. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ట్యాబ్ ఇప్పుడు వాళ్ల నాన్న దగ్గర ఉంది, పొలంలో పాటలు వింటాడు.

మీ గదిలో ఇనప బీరువా ఒకటి ఉంటుంది. తాళం కుదరకపోతే పక్కనుంచి గట్టిగా ఒకటి ఇవ్వండి, తెరుచుకుంటుంది. అడుగున ఆపరేషన్ బ్లాక్‌బోర్డు నాటి గణిత పెట్టె ఉంటుంది. దాని మీద బ్రిటిష్ వాళ్ల సొమ్ముతో నడిచిన ఏపీపెప్ మాడ్యూళ్లు. గదినిండా తాళ్లు కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీసిన కాలమది, నిజానికి కాస్త కళ ఉండేది. దాని పైన డీపెప్, ఆపైన క్లిప్, క్లాప్స్, ఎల్‌ఈపీ, సీసీఈ, నిష్ఠ, నిపుణ్, ఇప్పుడు చదవడం, లెక్కలు నేర్పే ఎఫ్‌ఎల్‌ఎన్. హరప్పా తవ్వకాల్లోలాగా ఏ పొర ఏ ప్రభుత్వానిదో అట్ట మీది రంగును బట్టి చెప్పొచ్చు. అన్నీ విజయవంతమైనవే. ఒక్కటి కూడా విఫలమైనట్టు ఆ బీరువాలో కాగితం దొరకదు. మరి ఇన్ని విజయాల తర్వాత కూడా ప్రతి జూన్‌లో 'చదవడం రాని పిల్లలకు ప్రత్యేక కార్యక్రమం' ఎందుకొస్తుందని మీటింగులో అడగకండి. ప్రథమ్ సంస్థ వాళ్లు 2005 నుంచి ఊరూరా తిరిగి రెండో తరగతి స్థాయి పాఠం ఒకటి అయిదో తరగతి పిల్లల చేత చదివిస్తున్నారు. మన రాష్ట్రం గురించి వాళ్లు ఏం రాశారో పత్రికల్లో ఒకరోజు వస్తుంది. మర్నాడు మళ్లీ గుడ్ల లెక్క.

బయటి డ్యూటీల గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. ఓటర్ల జాబితా, ఎన్నికలు సరే. 2020 మేలో లాక్‌డౌన్ తర్వాత వైన్ షాపులు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో క్యూలు సర్దడానికి అయ్యవార్లను నిలబెట్టారు. అయ్యవారి చేత టోకెను అందుకున్న పూర్వ విద్యార్థి ఏం అనుకున్నాడో మరి. 2024 నవంబరులో తెలంగాణలో కులగణన కోసం ప్రాథమిక బడుల్ని ఒంటిపూట చేసి పంతుళ్లను ఇంటింటికీ పంపారు. ఇవన్నీ జాతి నిర్మాణమే, కాదనను. మెగా పీటీఎం కూడా అంతే. 2025 జులై 10న గిన్నిస్ రికార్డు మీద కన్నేసి రాష్ట్రమంతటా ఒకేరోజు తల్లిదండ్రుల్ని పిలిచారు. కూలి మానుకుని వచ్చిన అమ్మ నిజంగానే టీచరుతో పది నిమిషాలు మాట్లాడితే అంతకన్నా కావలసిందేముంది. కానీ అక్కడ టీచరు తల వంచుకుని ఉంటాడు. వచ్చినవాళ్ల లెక్క, ఫొటో, ఎవిడెన్సు ఎక్కిస్తున్నాడు పాపం.

ఇంత చెప్పాక కూడా మీకు పిల్లల మీద బెంగ తగ్గకపోతే, ఒక చాటుమాటు ఉపాయం చెబుతాను. ఎవరికీ చెప్పకండి. ఏదో ఒక రోజు ఫోన్ సొరుగులో పెట్టి తాళం వేయండి. ఆరో తరగతికి వెళ్లి చివరి బెంచీలో కూచోండి. ఒక్కొక్క పిల్లని పక్కకు పిలిచి తెలుగు వాచకంలో నాలుగు వరసలు చదివించండి. ఒత్తుల దగ్గర ఆగేవాళ్లెవరో, గుణింతమే తెలియనివాళ్లెవరో, పక్కవాడి నోరు చూసి పెదాలు కదిపేవాళ్లెవరో పీరియడు అయ్యేసరికి తెలిసిపోతుంది. తర్వాత ఆ తెలుగు మాస్టారిని పిలిచి, ఆ పిల్లల్ని రోజూ అరగంట మీకు వదిలేయమనండి. ఇది నిబంధనలకు విరుద్ధం కాదు. నిబంధనల్లో ఎక్కడా లేదు, అంతే. దీనికి కాలమ్ లేదు, గ్రేడు లేదు, కిట్టు లేదు, పేరు లేదు. పేరు పెడితే వచ్చే ఎన్నికల తర్వాత పోతుంది కాబట్టి పెట్టకండి కూడా.

ఒక్కటే ప్రమాదం. ఆ అరగంటలోనే పైఅధికారి జీపు దిగుతారు. హెడ్మాస్టారు బెంచీ మీద కూచుని నేల చూపులు చూస్తున్న పిల్ల చేత 'క' గుణింతం చెప్పిస్తుండగా చూస్తే, ఈయన పని ఎవరు చేస్తున్నట్టు అని సందేహం వస్తుంది. ఆ రోజు భోజనాల లెక్క ఎక్కిందా అని అడుగుతారు. అప్పుడు మీరు బెదరకుండా లేచి, పక్క టీచరు ఫోన్ అందుకుని, పిల్ల మొహానికి ఎదురుగా పెట్టి, 'ఎఫ్‌ఎల్‌ఎన్ ఎవిడెన్సు సార్' అనండి. ఆయన మొహం విప్పారుతుంది. గ్రూపులో వెంటనే పెట్టమంటారు. ఫొటోలో పుస్తకం అట్ట మీది లోగో కనబడాలి, వెనక గోడ మీద కొత్త పథకం పేరు కనబడాలి, పిల్ల నోరు తెరిచి ఉండాలి. చదువుతోందో ఆవలిస్తోందో ఫొటోలో తెలియదు గదా అని మీ తెలుగు మాస్టారు గొణిగితే, కాలి మీద చిన్నగా తొక్కండి.