మా బిడ్డ మందులు మానమంటున్న బ్రదర్ గారికి



మీ పేరు రాయడం లేదు. మీరొక్కరే అయితే ఇంటికి పిలిచి మాట్లాడేదాన్ని. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్, బాన్సువాడ, స్వస్థత కూడికలు జరిగే ప్రతి చోటా మీలాంటివారు ఒకరైనా కనిపిస్తున్నారు. జబ్బుపడ్డ పిల్ల ఏ ఇంట్లో ఉందో కనుక్కొని వస్తారు. తల మీద చెయ్యి పెట్టి కన్నీళ్లతో ప్రార్థిస్తారు. ఆ కన్నీళ్లు నిజమైనవేనని నమ్ముతాను. కానీ గడప దాటేముందు ఒక మాట అంటారు: "దేవుడు ముట్టాడు సిస్టర్, ఇంక మందులెందుకు?" ఆ ఒక్క మాట గురించే ఈ లేఖ.

మా బిడ్డకు రక్త క్యాన్సర్. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం, లింఫోబ్లాస్టిక్ లుకేమియా. హైదరాబాద్ పట్నంలో రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖానలో ఆరోగ్యశ్రీ కింద వైద్యం నడుస్తోంది. మొదటి నెల కీమో అయ్యాక ఎముక మజ్జ తీసి చూసి, జబ్బు కణాలు లొంగాయని డాక్టర్లు చెప్పారు. ముఖంలో కళ వచ్చింది, అన్నం అడిగి తింటోంది. మీరు వచ్చి ఆ మాట అన్నది సరిగ్గా అప్పుడే.

చెరకు సీమలో ఉన్నాం కాబట్టి మీకు తెలిసిన సంగతితోనే చెబుతాను. నరికిన చెరకు చేను ఖాళీగా కనబడుతుంది. నీళ్లు పెట్టి చూడండి, మట్టిలో మిగిలిన దుబ్బులు పిలకలేస్తాయి, కార్శి తోట లేచి నిలబడుతుంది. ఈ జబ్బు కూడా అంతే. మొదటి నెల తర్వాత సూక్ష్మదర్శినిలో రక్తం శుభ్రంగా కనబడినా ఒంట్లో వెయ్యి కోట్ల దాకా జబ్బు కణాలు దాగి ఉండొచ్చు. అందుకే వైద్యం మొత్తం రెండేళ్ల నుంచి మూడేళ్లు సాగుతుంది. చివరి దశలో రోజూ రాత్రి ఒక మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్. ఆ రాత్రి మాత్రల్లో నూటికి ఐదుకు మించి తప్పిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరిగిందని అమెరికాలో జరిగిన పరిశోధనలో తేలింది. మీరు మాత్రలన్నీ ఒక్కసారే ఆపేయమంటున్నారు.

మెరుగు కనబడినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదని లోకం 1948లోనే చూసింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో అమినోప్టెరిన్ అనే మందు తయారుచేయించారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చారు. పదహారు మందిలో పదిమందికి మెరుగైంది. అప్పటిదాకా ఆ జబ్బుకు చావు తప్ప దారి లేదు గనుక అది అద్భుతంలాగే అనిపించి ఉంటుంది. కానీ ఆ మెరుగు కొన్ని నెలలే నిలిచింది, జబ్బు మళ్లీ వచ్చింది. నాలుగైదు మందులు కలిపి ఏళ్ల తరబడి ఇవ్వాలని వైద్యులు నేర్చుకున్నది అలాంటి పిల్లల వల్లే. మా బిడ్డ వైద్యంలో ఉన్న మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కు తోబుట్టువు. నరంలోకి ఎక్కించే విన్‌క్రిస్టిన్ మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసినది. ఆ మొక్కను పుట్టించింది ఎవరు బ్రదర్?

మీ మాట మా ఇంట్లో ఎందుకు పారుతుందో కూడా చెప్పాలి. మేం అలసిపోయి ఉన్నాం. 1937లో మా బోధన్‌లో పెట్టిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఈ ఊళ్లో నెల జీతం అనే మాటే కరువైంది. పట్నం పోయిన రోజల్లా మా ఆయన కూలి పోతుంది. వైద్యం ఉచితమే, కానీ బస్సు టికెట్టు, బయట భోజనం, గది అద్దె ఉచితం కావు. పెద్దపిల్లాడు చుట్టాలింట్లో ఉండి బడికి పోతున్నాడు. అలాంటప్పుడు ఒక దైవసేవకుడు వచ్చి "చాలు, ఇంక పోనక్కరలేదు" అంటే ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో మీకు తెలియదు. మా అత్తమ్మ ఆ రాత్రి నన్ను బతిమాలింది. ఆమెది మూఢత్వం కాదు, మనవరాలికి మళ్లీ సూది గుచ్చడం చూడలేకపోయింది. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి ఎనభైమందికి పైగా నయమవుతుంటే, బీద దేశాల్లో చాలాచోట్ల ముప్పైమంది కూడా బతకడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దానికి చెప్పిన కారణాల్లో ఒకటి, వైద్యం మధ్యలో మానేయడం. మీరు మా విశ్వాసాన్ని బలపరిచానని అనుకుంటున్నారు. బలపరిచింది మా అలసటను.

జ్వరం వచ్చిన రాత్రి గురించి కూడా అడగాలి. కీమో తర్వాత తెల్ల కణాలు పడిపోయినప్పుడు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే ఆలస్యం లేకుండా దవాఖానకు చేరి యాంటీబయాటిక్ పెట్టించాలి, గంటలు గడిస్తే ప్రాణం మీదికి వస్తుంది. మీరు పదిమందిని వెంటబెట్టుకొని వచ్చి, తెల్లారేదాకా ప్రార్థనలో కనిపెడదామన్నారు. మేం ఆటో పిలుచుకొని నిజామాబాద్ పోయాం. దారి పొడవునా ప్రార్థించాం. ఆటోలో చేసిన ప్రార్థన దేవుడికి వినబడదా?

దవాఖానకు పోవడం అవిశ్వాసం అన్నారు. ఇంట్లో ఏదో పాపం ఉండబట్టే వచ్చిందని కూడా అన్నారు, పిల్ల వింటుండగా. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదని యేసు చెప్పాడు. యోహాను తొమ్మిదో అధ్యాయం మీకు నేను చూపించాలా? జబ్బుపడ్డ హిజ్కియా రాజు బతుకుతాడని దేవుని మాట తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టించాడు. మాట ఇచ్చిన దేవుడు కట్టు కూడా కట్టించాడు. వైద్యుల దగ్గర ఆస్తంతా పోగొట్టుకొన్న స్త్రీ కథ మీరు చెబుతారని తెలుసు. మార్కు ఐదో అధ్యాయంలో ఆమె ఉంది, నిజమే. అదే అధ్యాయంలో చనిపోయి లేచిన యాయీరు కూతురు కూడా ఉంది. యేసు ఆ ఇంటికి వచ్చి మొదట గుంపును బయటికి పంపేశాడు. తల్లినీ తండ్రినీ ముగ్గురు శిష్యులనే లోపలికి తీసుకెళ్లాడు. పిల్ల లేచాక ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని, తినడానికి ఏమైనా పెట్టమని చెప్పాడు. మీరు మా బిడ్డను వేల మంది ముందు వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించాలంటున్నారు. తెల్ల కణాలు పడిపోయిన పిల్లను అంత జనంలోకి ఎలా తేను?

మన జిల్లాలోనే డిచ్‌పల్లి ఉంది. అక్కడ 1915లో కుష్ఠు రోగుల కోసం విక్టోరియా దవాఖాన తెరిచిన ఇసబెల్ కెర్ స్కాట్లాండు నుంచి వచ్చిన డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్ మెథడిస్టు పాదిరి. స్థాపనకు ఆర్థికంగా అండగా నిలిచిన రాజా నర్సా గౌడ్ హిందువు. కుష్ఠు వచ్చినవాళ్లను ఊరి బయటికి తరిమే కాలమది, దేవుడి శాపమనే కాలం. ఇసబెల్ అమ్మగారు వాళ్లకు హిడ్నోకార్పస్ నూనె సూదులు వేశారు. ఆ సూది నొప్పి, పైగా ఒకటి రెండుసార్లతో అయ్యేది కాదు, నెలల తరబడి వేయించుకోవాలి. ప్రార్థన, సూది ఒకే ఆవరణలో జరిగాయి. మన తాతల నాటి సంఘాల్లో ఆమె విశ్వాసురాలేనని ఎవరూ సందేహించలేదు. మందు ఇస్తే విశ్వాసం తగ్గుతుందనే బోధ ఎక్కడి నుంచి వచ్చింది బ్రదర్? మా పెద్దల దగ్గర నేను వినలేదు.

ప్రార్థన వద్దనడం లేదు. వెన్నులో సూది వేసేటప్పుడు బిడ్డ నా చెయ్యి పట్టుకొని సండే స్కూల్లో నేర్చుకున్న పాట పాడుతుంది. ఆ పాట లేకపోతే నేను ఆ గది దాకా నడవలేను. వచ్చే రెండేళ్లూ ప్రతి రాత్రీ ఆ మాత్ర మింగించాలంటే నాకు విశ్వాసం కావాలి, చాలా కావాలి. దానికోసం ప్రార్థించండి. గుమ్మం దగ్గర, మాస్కు పెట్టుకొని, చేతులు కడుక్కొని, ఒక్కరే వచ్చి ప్రార్థించండి. కోసిన పండ్లు తేవద్దు.

ఇంకొక పని ఉంది. కీమో మధ్యలో ప్లేట్‌లెట్లు అవసరమవుతాయి. అవి ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, ఎప్పటికప్పుడు దాతలను వెతుక్కోవాలి. మా వార్డులో ఆదిలాబాద్ నుంచి, మెదక్ నుంచి వచ్చిన తల్లులు ఫోన్లు పట్టుకొని తెలిసినవాళ్లందరినీ అడుగుతుంటారు. మీ కూడికలకు వందల మంది యువకులు వస్తారు. ఈ ఆదివారం వాక్యం అయ్యాక, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లను నిలబెట్టి రక్తం గ్రూపులు అడగండి. పేర్లు, ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాయించి పంపండి. మీ గ్రూపు కూడా రాయండి.