అటక మీద క్లౌడు

విశాఖకు గూగుల్ డేటా సెంటర్ వస్తోందని 2025 అక్టోబరులో ప్రకటించారో లేదో, బెజవాడలో అపార్టుమెంటుకొక డేటా సెంటర్ వెలిసింది. గూగుల్‌కు ఐదేళ్లు, 1500 కోట్ల డాలర్లు, గిగావాట్ లెక్కన కరెంటు కావాలట. పాపం, తెలివి తక్కువ. మనవాడికి ఆఫీసువాళ్లు తీసిపారేసిన డెల్ డబ్బా ఒకటి, హార్డ్ డిస్కులు రెండు, అమ్మానాన్నల ఇంటి అటక చాలు. బొమ్మలకొలువు పెట్టె పక్కకు జరుగుతుంది, ఇత్తడి గంగాళం కిందికి దిగుతుంది, ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఇక ఆ ఇంటికి స్వాతంత్ర్యం వచ్చినట్టే.

దాని వెనకే ఉపన్యాసం. నీ ఫొటోలు గూగుల్ చేతిలో ఎందుకు పెట్టావు బాబాయ్, నాకు ఇమ్మిచ్ ఉంది. సినిమాలకు నెలనెలా చందా ఎందుకు కడుతున్నావు, నాకు జెల్లీఫిన్ ఉంది. ఆ జెల్లీఫిన్ నిండా కొత్త తెలుగు సినిమాలు ఎక్కడి నుంచి వచ్చాయని మాత్రం అడక్కూడదు. ఫ్యాను వేయడానికి కూడా ఇంట్లో ఒక సర్వరు పెట్టుకున్నాడు. అది రీస్టార్ట్ అవుతున్నంతసేపూ వచ్చిన చుట్టం విసనకర్రతో విసురుకోవాలి. మే నెల బెజవాడలో.

వీటన్నిటినీ భరిస్తాను. నాకు ఒళ్లు మండేది గేమ్ స్ట్రీమింగ్ దగ్గర.

బెడ్‌రూములో లక్షన్నర పోసి కొన్న గేమింగ్ కంప్యూటర్ ఉంటుంది. హాల్లో పెద్ద టీవీ ఉంటుంది. మధ్యన పన్నెండడుగుల దూరం, ఒక గోడ. కంప్యూటర్ని ఎత్తుకొచ్చి టీవీ పక్కన పెడితే ఐదు నిమిషాల పని. కానీ అది కూలిపని అవుతుంది, టెక్నాలజీ అవదు. అందుకని కంప్యూటర్లో సన్‌షైన్ వేస్తాడు, టీవీకి మూన్‌లైట్ తగిలిస్తాడు. సెకనుకు అరవై బొమ్మలు బెడ్‌రూములో పుట్టి, ముడుచుకుని, రౌటరు గుండా గోడ దాటి, హాల్లో మళ్లీ ఒళ్లు విరుచుకుంటాయి. ఒక్కో బొమ్మకు దక్కే వ్యవధి 16 మిల్లీసెకన్ల చిల్లర.

గోడ ఒప్పుకోదు. మన పాత ఇళ్లవి తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వాటిని దాటేసరికి నీరసించిపోతుంది, బొమ్మ గళ్లుగళ్లుగా పగిలిపోతుంది. అప్పుడు తెలిసినవాళ్లంతా ఒకే మందు చెబుతారు: అటూ ఇటూ ఈథర్‌నెట్ వైరు ఉండాలి. అంటే వైర్లెస్‌గా ఆడుకోవాలంటే ముందు డ్రిల్లింగ్ మిషనువాణ్ని పిలిచి, గోడకు చిల్లు పెట్టించి, వైరు లాగించాలి. ఆ చిల్లులోంచే హెచ్‌డీఎంఐ కేబుల్ లాగితే సరిపోయేది కదరా అన్నాను. నా వంక జాలిగా చూశాడు.

అంతటితో అయిపోలేదు. మానిటర్ లేకపోతే ఈ కంప్యూటర్ బొమ్మ తయారు చేయనని మొండికేస్తుంది. కాబట్టి మానిటర్ ఉందని దాన్ని నమ్మించడానికి ఒక ఉత్తుత్తి ప్లగ్గు అమ్ముతారు. అవతల వైపు ఏమీ ఉండదు, బొటనవేలంత డమ్మీ. లక్షన్నర యంత్రాన్ని ఐదొందల ప్లగ్గుతో మోసం చేసి, ఆ మోసపోయిన యంత్రం గీసిన బొమ్మను గోడకు కన్నం వేసి దొంగతనంగా హాల్లోకి తెచ్చి, దాని మీద బంతాట ఆడి ఓడిపోతాడు. ఓడిపోవడానికి కారణం లేటెన్సీ, అంటే బొమ్మ ఆలస్యంగా వచ్చిందట.

ఈ విద్యను పరాకాష్ఠకు తీసుకెళ్లినవాడు డాలస్‌లో ఉన్నాడు. అక్కడ సోఫాలో కూర్చుని బెజవాడ భవానీపురంలోని తన కంప్యూటర్లో గేమ్ ఆడి చూపిస్తానన్నాడు. గాజు తీగలో వెలుతురు కూడా సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోగలదు. డాలస్ నుంచి బెజవాడ సుమారు 14,500 కిలోమీటర్ల దూరం. ఏ అడ్డంకీ లేకుండా, సరళరేఖలో పోయినా, వెళ్లి రావడానికి 145 మిల్లీసెకన్లు. ఆ లోపు ఎనిమిది బొమ్మలు జరిగిపోతాయి. వాడు పక్కకు తప్పుకునే బటన్ నొక్కేసరికి భవానీపురంలో వాడి శవం నేల మీద ఉంది. “రౌటింగ్ బాగాలేదు” అన్నాడు.

ఈ సన్‌షైన్, మూన్‌లైట్ రాసినవాళ్ల మీద నాకు గౌరవమే. ఎన్విడియా తన గేమ్‌స్ట్రీమ్‌ను 2023లో వదిలించుకుంటే, రూపాయి ఆశించకుండా ఆ పనిని నిలబెట్టారు. నా కోపమల్లా ఆ పనితనాన్ని పన్నెండడుగులకు ఖర్చుపెట్టి స్వరాజ్యం తెచ్చినట్టు కాలరెగరేసేవాడి మీద.

ఇంతకీ డాలస్‌వాడి సర్వరు డాలస్‌లో ఎందుకు లేదు? ఐపీఎల్ కోసం. ఇంటి అటక మీద డబ్బా ఉంటే దాని గుండా ఇండియా చిరునామాతో, ఇండియా రేటుకు, అక్కడ కూర్చుని మ్యాచ్ చూడొచ్చు. నెలకు లక్షల్లో జీతం తీసుకునేవాడు కొన్ని వందలు మిగుల్చుకోవడానికి తల్లిని కాపలా పెట్టాడు. డాలస్‌లో శనివారం మధ్యాహ్నమంటే ఇక్కడ రాత్రి పదకొండు. ఫోన్ మోగుతుంది. “అమ్మా, పడుకున్నావా? అటక మీద దీపం ఆకుపచ్చగా ఉందా, ఎర్రగా ఉందా? ఎర్రగా ఉంటే స్టూలేసుకుని ఎక్కి ఆ బటన్ ఒక్కసారి నొక్కవూ.”

ఆవిడకు మోకాళ్ల నొప్పులు. మేడ మెట్లు దిగడానికే కమ్మీ పట్టుకుంటుంది. ఆవిణ్ని అర్ధరాత్రి స్టూలెక్కించి, కాలు జారితే ఎవరు దిక్కు అనే ఆలోచన కూడా లేకుండా, మర్నాడు స్నేహితులతో “నా సర్వరు ఏడాదిగా ఆగలేదు” అని గొప్పలు చెప్పుకోవడానికి సిగ్గుండాలి. ఆగలేదంటే ఆవిడ ఎక్కింది కనక ఆగలేదు. డిస్కు కొన్నందుకు వీడికి పేరు, స్టూలెక్కినందుకు ఆవిడకు అయోడెక్స్.

కరెంటు బిల్లు ఇంకోటి. వంద వాట్ల డబ్బా రోజంతా తిరిగితే రెండున్నర యూనిట్లకు కాస్త తక్కువ, నెలకు 72 యూనిట్లు. ఏసీ వేసుకునే నెలల్లో 225 యూనిట్లు దాటిన ఇంట్లో యూనిట్ 8 రూపాయల 75 పైసలు. అంటే 630 రూపాయలు, సర్దుబాటు చార్జీలు కాక. పెన్షన్ మీద బతికే తండ్రి గదిలోంచి బయటికి వచ్చినప్పుడల్లా లైటు ఆర్పి వచ్చే మనిషి. ఆయన పొదుపంతా అటక తాగేస్తుంది. ఒకసారి ఆయన స్విచ్చు కట్టేశాడు. కొడుకు అలిగి వారం రోజులు ఫోన్ చేయలేదు.

అన్నిటికన్నా పెద్ద అబద్ధం, మన డేటా మన ఇంట్లో ఉంటే భద్రం అనడం. బెజవాడ సింగ్‌నగర్ వెళ్లి ఆ మాట అనమనండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద ఇళ్ల మీద పడినప్పుడు రోజుల తరబడి నీళ్లలో నానిపోయిన పట్టాలు, పదో తరగతి సర్టిఫికెట్లు, పెళ్లి ఆల్బములు అన్నీ సొంత ఇంట్లో, సొంత బీరువాలో, ఏ కంపెనీ చేతికీ చిక్కకుండా ఉన్నవే. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ 11.43 లక్షల క్యూసెక్కులతో పాత రికార్డులన్నీ చెరిపేసింది. కరెంటు లేదు, మంచినీళ్లు లేవు, మనుషులు మేడల మీద పాల ప్యాకెట్ల కోసం ఆకాశం వంక చూశారు. కాపీ ఇంకో చోట ఉన్నవాడి కాగితమే మిగిలింది. ఆ ఏటి బురద గుర్తున్న ఊళ్లో నిలబడి ఇంటికి మించిన భద్రత లేదని పాఠాలు చెప్పేవాణ్ని చూస్తే నాకు నవ్వు రావడం లేదు.

పోనీ, ఆ స్వాతంత్ర్యమైనా ఉందా? మన ఇంటర్నెట్ కనెక్షన్లలో చాలావాటికి సొంత చిరునామాయే ఉండదు, ఎన్నో ఇళ్లకు కలిపి ఒకటే. బయటి నుంచి అటకను చేరాలంటే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ సొరంగమో, టెయిల్‌స్కేల్ కంపెనీ దారో పట్టుకోవాలి. 2025 నవంబరు 18న క్లౌడ్‌ఫ్లేర్ కూలబడితే దాని సొరంగాలు నమ్ముకున్న అటకల్లో చాలావాటికి దారి మూసుకుపోయింది. స్తంభాల మీద వేలాడే కేబుల్‌ను వరిగడ్డి లారీ తెంపుకుపోయిన రోజున అంతకన్నా సులువుగా మూసుకుపోతుంది.

కంపెనీలు మంచివని నేను అనడం లేదు. ఫొటోలు ఎన్నైనా దాచుకోండి, ఉచితం అని ఊరించిన గూగుల్ 2021 జూన్ 1న ఆ మాట వెనక్కి తీసుకుంది. ‘ది క్రూ’ అనే కార్ల గేమ్‌ను డబ్బిచ్చి కొన్నవాళ్లకు యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న సర్వర్లు కట్టేసి ఖాళీ డబ్బా మిగిల్చింది. దోపిడీ నిజమే. దానికి విరుగుడు మీ అమ్మ మోకాలు కాదు.

ఈ మధ్య డాలస్‌వాడికి జ్ఞానోదయమైంది. మూడు కాపీలుండాలి, రెండు రకాల పరికరాల మీద ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి అనే సూత్రం ఎక్కడో చదివాడు. వరదకు అందని చోటు కావాలని బాగా ఆలోచించి రెండో సర్వరుకు అత్తవారి ఊరు ఖాయం చేశాడు. అత్తవారిది దివిసీమ, అవనిగడ్డ. అత్తగారు మాత్రం డబ్బాను గుమ్మంలోనే ఆపి, కరెంటు బిల్లు ఎవరు కడతారని అడిగిందట.