టీకి టీక

ఆ.వె.
పాట వేసి బండి పైకెక్కి పరుగెత్తి
పాట ముగియులోన పట్టు చేరి
టీకి చెయ్యి చాచు ఠీవియే ఠీవిరా!
నూరు దాటువాడె నోముపంట.

అవతారిక

మెదకు సీమ మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాసేటప్పుడు, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు అలాంటి ఒట్టేమీ పెట్టుకోలేదు. ఉన్నవే నాలుగు పాదాలు. వాటిలో ఉన్నది మాత్రమే చెబితే టీ వచ్చేలోగానే వ్యాఖ్య అయిపోతుంది.

పద్యం కట్టింది టీకాకారుడే. వస్తువు మాత్రం లండన్ వాయవ్యపు కొసన, నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కనున్న ఏస్ కేఫ్ కుర్రాళ్ళది. 1938లో లారీ డ్రైవర్లను చూసుకుని తెరిచిన హోటలది. రాత్రీ పగలూ తలుపులు తెరిచే ఉండేవి. యుద్ధంలో పక్కనున్న విల్స్‌డెన్ రైలు యార్డుల కోసం వచ్చిన బాంబుల్లో హోటలూ పోయింది. 1949లో మళ్ళీ కట్టారు. పద్యంలోని సంగతి ఆ రెండో జన్మలోది, 1950ల చివరా 60ల మొదలూ. మన కవుల్లో చాలామంది కాలనిర్ణయానికి ఈమాత్రం ఆధారాలు కూడా లేవు.

ప్రతిపదార్థం

పాట వేసి = జూక్‌బాక్సులో నాణెం పడేసి, కోరిన రికార్డు మీద ముల్లు వాలీ వాలగానే. ఇంట్లో రేడియో తిప్పుకుంటే పోదా, పాట కోసం ఇంత దూరం రావాలా అని శంక. పోదు. అప్పటి బీబీసీకి రాక్ అండ్ రోల్ అంటే అంతగా గిట్టదు. ఆ పాటలు గొంతెత్తి వినబడేది తిరునాళ్ళలోనూ ఇలాంటి రోడ్డు పక్క హోటళ్ళలోనూ. ఎల్విస్, జీన్ విన్సెంట్, ఎడ్డీ కాక్రన్ వీళ్ళ ఆరాధ్య దైవాలు. (వారిలో కాక్రన్ 1960లో ఇంగ్లండు పర్యటనలోనే రోడ్డు ప్రమాదంలో పోయాడు. మోటర్‌సైకిలు మీద కాదు, టాక్సీలో.) పాట నిడివి మహా అయితే రెండున్నర, మూడు నిమిషాలు. కవి ఇక్కడ దండకాన్నీ హరికథనీ ఎన్నుకోకపోవడం గమనించాలి.

బండి = సామాన్య నామమే అయినా సందర్భాన్ని బట్టి ట్రైటన్ అని గ్రహించాలి. ట్రైటన్ అనేది షోరూములో దొరికే వస్తువు కాదు, సమాసం. ట్రయంఫ్ ఇంజను పూర్వపదం, నార్టన్ చట్రం ఉత్తరపదం. ట్రయంఫ్ వారి జంట సిలిండర్ల ఇంజనుకు లాగుడు ఎక్కువ. నార్టన్ వారి ఫెదర్‌బెడ్ చట్రం మలుపుల్లో తొణకదు. 1950లో నార్టన్ రేసు బళ్ళ కోసం బెల్‌ఫాస్ట్‌కు చెందిన మెక్‌క్యాండ్లెస్ సోదరులు చేసిన చట్రమది. ఎక్కి చూసిన రేసరు ఈకల పరుపు మీద ఉన్నట్టుందన్నాడని ఆ పేరొచ్చింది. రెండు కంపెనీలూ కలిసి ఏనాడూ చెయ్యని బండిని కుర్రాళ్ళు షెడ్డులో స్పానర్లు పట్టుకుని చేసుకున్నారు. రెండు పదాల నడుమ ఇంజను బిగించే పలకలు ఆగమంగా వస్తాయి. వైయాకరణులు ఇక్కడ నట్లు బిగుసుకున్నాయో లేదో మరోసారి చూసుకోవలెను.

పైకెక్కి = ఎక్కడమంటే కూర్చోవడం కాదు. మామూలు హ్యాండిలు పీకేసి, ముందు ఫోర్కు గొట్టాలకే కిందుగా రెండు పొట్టి పిడులు బిగిస్తారు. కాళ్ళు పెట్టుకునే పెడళ్ళను బాగా వెనక్కి జరుపుతారు. ఇక మనిషి పెట్రోలు టాంకు మీద బోర్లా పడుకోవలసిందే. గడ్డం టాంకుకు తగులుతుంది, ఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది, మెడ ఎత్తి పట్టుకోకపోతే రోడ్డు కనబడదు. కాసేపటికే నడుము పట్టేస్తుంది. ఈ ఆసనంలో స్కాట్లండు పోవడం కష్టం, పక్క హోటలుకు పోవడం సుఖం. ఈ జాతి బండికి కేఫ్ రేసర్ అన్న పేరు లారీ డ్రైవర్లు వెటకారానికి పెట్టిందంటారు. రేసు మైదానంలో కాదు, టీ హోటలు ముందర రేసర్లు వీళ్ళు అని. కుర్రాళ్ళు ఆ వెటకారాన్ని బిరుదు కింద తగిలించుకున్నారు.

పరుగెత్తి = స్పష్టం.

పాట ముగియులోన = రికార్డు తిరగడం ఆగేలోపల. ఇక్కడ కొంచెం గణితం అవసరం. పాట మూడు నిమిషాలనుకుందాం. పందెం కట్టేటప్పుడు ఒప్పుకున్న మలుపుదాకా రానూపోనూ మూడు మైళ్ళనుకుందాం. అంటే సగటున గంటకు 60 మైళ్ళు, అంతేకదా అనిపిస్తుంది. సగటు అన్నచోటే కొత్తవాళ్ళు దెబ్బతింటారు. నాణెం వేశాక తలుపుదాకా నడవాలి. కిక్కు కొట్టాలి. బ్రిటిష్ బండి మొదటి కిక్కుకే లేచిందంటే అది పూర్వజన్మ సుకృతం. మలుపు దగ్గర తగ్గాలి, తిరగాలి, మళ్ళీ వచ్చి బండి ఆపి లోపలికి రావాలి. వీటికి పోయిన సెకన్లన్నీ మధ్యలో తిన్నగా ఉన్న రోడ్డు మీదే రాబట్టుకోవాలి. ఆ రాబట్టుకునే చోట మీటరు ముల్లు ఎక్కడికి పోతుందో నాలుగో పాదంలో తెలుస్తుంది. ఈ పందేలు నిజంగా ఎన్ని జరిగాయి, టీ బల్ల దగ్గర మాటల్లో ఎన్ని జరిగాయి అన్నది ఇప్పటికీ తెగని తగవు. తీర్చే తొందర ఈ టీకాకారుడికి లేదు.

పట్టు చేరి = బయల్దేరిన చోటికే చేరి. పట్టు అంటే ఇక్కడ చోటు. చీరల పట్టని చెప్పినవారు ఆ తోలు జాకెట్లను చూసి ఉండరు.

టీకి చెయ్యి చాచు = పద్యానికి ప్రాణం ఇక్కడుంది కనుక వ్యాఖ్య కాస్త పెరుగుతుంది. 1940లో బ్రిటిష్ ప్రభుత్వం టీపొడికి రేషను పెట్టింది. మనిషికి వారానికి రెండు ఔన్సులు, మన తూకంలో 57 గ్రాములు. పెట్రోలు రేషను 1950లో పోయినా టీది 1952 అక్టోబరుదాకా, చక్కెరది 1953దాకా పోలేదు. అంటే జూక్‌బాక్సు చుట్టూ మూగిన ఈ కుర్రాళ్ళు, ఇంట్లో అమ్మ చెంచా గీసి కొలిచి వేసిన టీ తాగి పెరిగినవాళ్ళు. పబ్బు తలుపులు వేసేసిన వేళ కూడా దీపాలు వెలుగుతూ, ఒక్క కప్పు కొన్నవాణ్ణి ఎంతసేపైనా కూర్చోనిచ్చిన చోటు వాళ్ళకు ఎందుకంత ముద్దో అర్థం చేసుకోవచ్చు. 'చాచు' అన్న క్రియను కూడా జాగ్రత్తగా చూడాలి. చలిగాలికి కొయ్యబారిన చెయ్యి అది. గ్లోవు పళ్ళతో పట్టి లాగాలి. వేళ్ళు వెంటనే మడతపడవు కాబట్టి కప్పు చెవి పట్టుకోవడం కుదరదు. మందపాటి పింగాణీ కప్పును రెండరచేతుల మధ్యా ఇరికించుకుని, మొదట ఆవిరి పీల్చి, తర్వాత తాగాలి.

ఠీవియే ఠీవిరా = ఒకే మాట రెండుసార్లు రావడం లాటానుప్రాస అని కొందరు, గణాలు చాలక వేసిందని కొందరు. రెండోవారు చెప్పిందే నిజం.

నూరు దాటువాడె = గంటకు నూరు మైళ్ళు దాటినవాడే. కిలోమీటర్లలో 160 పైచిలుకు. దాటినవాణ్ణి టన్-అప్ బాయ్ అనేవారు. ఊళ్ళు దాటిన రోడ్ల మీద అప్పట్లో వేగానికి హద్దు లేదు. 1959 నవంబరులో ఎం1 మోటర్‌వే తెరిచినప్పుడూ లేదు. 1965 డిసెంబరులో తాత్కాలికమంటూ 70 మైళ్ళ హద్దు పెట్టి, 1967లో దాన్ని శాశ్వతం చేశారు. తాత్కాలికమని ప్రభుత్వం పెట్టినది ఏమవుతుందో తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఈ పదానికి శ్లేష ఉంది. నూరేళ్ళు దాటువాడు అన్నది రెండో అర్థం, తల్లులు దీవించే అర్థం. ఈ రెండు నూర్లూ ఒక్కడే దాటడం కష్టం. హెల్మెట్ పెట్టుకోవాలన్న చట్టం బ్రిటన్‌లో 1973దాకా రాలేదు. తడిరోడ్డు, చాలీచాలని బ్రేకులు, తల మీద దువ్విన జుట్టు తప్ప మరేమీ లేదు. కొన్ని ఇళ్ళలో నోముపంట పందొమ్మిదో ఏటే గోడమీద ఫోటో అయింది. కవి దీన్ని ఎందుకు దాటవేశాడని అడిగితే, కవికీ అప్పుడు పందొమ్మిదే.

నోముపంట = ఇంగ్లండులో నోములెక్కడివి అని ఆక్షేపణ. నోములు లేకపోయినా వాహన పూజ ఉంది. 1959లో లండన్ తూర్పున హాక్నీ విక్‌లో చర్చి తరఫున కుర్రాళ్ళ క్లబ్బు ఒకటి మొదలైంది. పుట్టిన ఏడే దానికి పేరు, 59 క్లబ్. అక్కడి ఫాదర్ బిల్ షెర్గోల్డ్ తానూ మోటర్‌సైకిలు నడిపే మనిషి. 1962లో ఏస్ కేఫ్‌కు పోయి, పత్రికలు రౌడీలని రాసిన ఈ కుర్రాళ్ళను ప్రార్థనకు రమ్మని పిలిచాడు. వచ్చారు. బళ్ళను చర్చి లోపలికే తెప్పించి ఆశీర్వదించాడు. మనం నిమ్మకాయలు తొక్కించి కానిచ్చే పని అక్కడ ప్రార్థనతో అయింది.

పూర్వపక్షం

వేగమే ప్రధానం, టీ దానికి అంగమాత్రం అని పోలీసులూ పత్రికలవారూ. 1964లో బ్రైటన్ తదితర సముద్రతీరపు ఊళ్ళలో స్కూటర్ల మాడ్స్ జట్టూ, రాకర్లని పేరుపడ్డ ఈ కుర్రాళ్ళ జట్టూ కలియబడ్డాక ఈ వాదం మరీ ముదిరింది.

సిద్ధాంతం

కాదు. టీయే ప్రధానం. నూరు దాటడం ఒంటరి పని. ఆ క్షణాన వెంట ఎవరూ ఉండరు, ముల్లు దిగగానే సాక్ష్యం మాయం. అది నిజంగా జరిగిందనిపించేది, పాట ఇంకా మోగుతుండగా తలుపు తోసుకుని వస్తే లోపల పైకి లేచే తలలు. కేఫ్ లేకపోతే పందేనికి గీత లేదు, గడియారం లేదు, ఒప్పుకునే నోరు లేదు. లారీ డ్రైవరుకు దారిలో ఉంది కాబట్టి కేఫ్‌లో ఆగుతాడు. కుర్రాడికి కేఫ్ ఉంది కాబట్టి దారి పట్టుకుంటాడు. యజ్ఞంలో సమిధల పాత్ర ఏదో ఇక్కడ మైళ్ళ పాత్ర అదే.

ప్రమాణం కావాలంటే ఏస్ చరిత్రే ఉంది. 1969లో అది మూతపడింది. సరుకు మోటర్‌వేల మీదికి మళ్ళింది, కుర్రాళ్ళు పెళ్ళిళ్ళయి కార్లలోకి మారారు. ఆ భవనంలో టైర్ల వ్యాపారం వెలిసింది. రోడ్డు ఎక్కడికీ పోలేదు. బళ్ళు మునుపటికన్నా వేగమయ్యాయి. వేగమే ప్రధానమైతే జనం రావాలిగదా? 1994లో పాతవాళ్ళు గుర్తుపెట్టుకుని ఒకసారి కూడారు. 2001లో మళ్ళీ హోటలుగా పూర్తిగా తెరిచాకే వచ్చేపోయేవాళ్ళు నిలకడయ్యారు. తార్కికులు దీన్ని అన్వయ వ్యతిరేకాలంటారు. టీ ఉంటే మనుషులు, టీ లేకపోతే టైర్లు.

తాత్పర్యం

ఓ యువకుడా, పాట పెట్టి పో, పాట అయిపోకముందే రా, టీ తాగు. ఎలా పోయావో చెప్పుకోవడానికి రాత్రంతా ఉంది.

దేశాంతర వ్యాప్తి

ఈ పద్యం మన దేశానికి మద్రాసు మీదుగా వచ్చింది. ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు 1964లో కాంటినెంటల్ జీటీ అనే 250 సీసీ బండి తెచ్చారు. షెడ్డులో చేసుకునే మార్పులన్నీ ఫ్యాక్టరీలోనే చేసిచ్చారు. 250 ఎందుకంటే, నేర్చుకునేవాడు అంతకు మించిన ఇంజను నడపకూడదని 1961లో నిబంధన వచ్చింది. బ్రిటన్ ఉత్తరపు కొస నుంచి నైరుతి కొసదాకా మనుషులను మార్చి మార్చి 24 గంటల లోపల ఆ బండిని పరుగెత్తించి చూపించారు. నూరు మాత్రం దానికి అందలేదు. తర్వాత ఆ కంపెనీ అక్కడ చితికిపోయింది. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా బతికి బట్టకట్టింది. ఆ వారసులే 2013లో పాత పేరుతో 535 సీసీ బండి చేసి, దాన్ని లోకానికి చూపించడానికి ఏస్ కేఫ్ గుమ్మానికే పట్టుకుపోయారు.

ఇప్పుడు ఆదివారం చీకటితోనే హైదరాబాదు నుంచి విజయవాడ హైవే మీదికి బళ్ళు బారులు తీరతాయి. దీనికి బ్రేక్‌ఫాస్ట్ రైడ్ అని పేరు. బంకు పక్క హోటలు దగ్గర ఆగుతారు. నాలుగు కుర్చీల్లో మనుషులు, మిగతా కుర్చీల్లో హెల్మెట్లు. సర్వరు వాటిని ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ సాంబారు బకెట్టు పెట్టుకునే చోటు వెతుక్కుంటాడు. పక్క బల్ల మీది లారీ డ్రైవరు జీటీని కాసేపు అటూ ఇటూ చూసి, "తమ్మీ, ఎంతిస్తది?" అని అడుగుతాడు. అడిగింది వేగం కాదు, మైలేజీ. "ఇరవై అయిదన్నా" అని కుర్రాడు కాస్త గర్వంగానే చెబుతాడు. డ్రైవరు మొహంలో జాలి కనబడుతుంది. అతను ఐదు గంటలు నడిపేలోపు అరగంట ఆగాలని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం రాసింది. ఆగనిచ్చే యజమాని ఎక్కడుంటాడో అందులో రాయలేదు. కుర్రాళ్ళకు ఏ చట్టమూ అక్కరలేదు, వాళ్ళు బయల్దేరిందే ఆగడానికి.

పాఠాంతరాలు

ఈ ప్రాంతపు ప్రతుల్లో 'టీకి' అన్నచోట 'చాయికి' అని ఉంది. సూర్యగణం పడవలసినచోట భగణం పడుతుంది, యతి కూడా పోతుంది. లాక్షణికులు ఒప్పుకోరు. లాక్షణికులు ఒప్పుకోలేదని హైదరాబాదులో ఎవరూ చాయ్ మానలేదు.

నాలుగో పాదం దగ్గర చిక్కుంది. నాలుగు వరసల హైవే మీద మోటర్‌సైకిలు 80 కిలోమీటర్లు దాటకూడదని 2018లో కేంద్రం ప్రకటించింది. మైళ్ళ మాట దేవుడెరుగు, కిలోమీటర్లలో కూడా నూరు చెల్లదు. కాబట్టి ఇక్కడ నూరంటే రూపాయలని చెప్పుకోవాలి. బిల్లు నూరు దాటినప్పుడు జేబులో చెయ్యి పెట్టేవాడే నోముపంట. ఈ అర్థాన్ని బల్ల చుట్టూ ఉన్న వ్యాఖ్యాతలందరూ ఆమోదించారు. అతనెవరన్న విషయంలో మాత్రం ఏకాభిప్రాయం కుదరక, ఇంకో రౌండు చాయ్ చెప్పారు.