147 సవరణల మనిషి

స్నూకర్ అభిమానులు మూడు రకాలు. ఆట చూసేవాళ్లు, ఆటగాళ్లను చూసేవాళ్లు, ఆటను నడిపే తీరు చూసి నిద్ర పట్టనివాళ్లు. ఈ మూడో రకాన్ని దర్శించుకోవాలంటే ఏప్రిల్ నెలాఖరులో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వెళ్లాలి. 1977 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్‌కు ఇల్లయిన క్రూసిబుల్ థియేటర్‌లో ఆ 17 రోజులూ ఈయన కొలువుంటాడు. చెవిలో కామెంటరీ, ఒళ్లో నోటుపుస్తకం. ఆట సాగుతున్నంతసేపూ హాల్లో చప్పుడు చెయ్యకూడదు కాబట్టి పాపం బుద్ధిగానే కూర్చుంటాడు. విరామం ప్రకటించగానే మాత్రం పక్క సీటువాడికి విరామం లేకుండా పోతుంది.

నోటుపుస్తకంలో రాసుకున్నవి స్కోర్లు కావు, సవరణలు. 15 ఎర్ర బంతులు, ఒక్కోదాని వెనకా నల్ల బంతి, చివర్లో ఆరు రంగులూ వేస్తే వచ్చే గరిష్ఠ బ్రేక్ 147. స్నూకర్ నిర్వహణకు తన సవరణలు కూడా 147 అయ్యాకే కలం మూస్తానని ఈయన పంతం.

మొదటి సవరణ నత్తనడక మీద. 2005 క్వార్టర్ ఫైనల్లో పీటర్ ఎబ్డన్ అయిదు నిమిషాలకు పైగా టేబుల్ చుట్టూ తిరిగి సాధించిన బ్రేక్ అక్షరాలా 12. 1997లో రోనీ ఓసలివన్ ఇదే హాల్లో దాదాపు అదే వ్యవధిలో 147 మొత్తం ముగించేశాడు. ఆ రోనీయే 2005లో 8–2 ఆధిక్యంలో ఉండి, చివరికి 11–13తో ఎబ్డన్‌కు ఓడిపోయాడు. ఈ అన్యాయం తలచుకున్నప్పుడల్లా మన సంస్కర్తకు రక్తం మరుగుతుంది. ప్రతి షాట్‌కూ గడియారం పెట్టాలి!

గడియారం పెట్టిన టోర్నీ ఉంది కదా అని ఎవరైనా గుర్తుచేస్తే రక్తం రెండోసారి మరుగుతుంది. షూట్ అవుట్‌లో మ్యాచ్ అంటే ఒకే ఒక్క ఫ్రేమ్, 10 నిమిషాలు. మొదటి సగంలో షాట్‌కు 15 సెకన్లు, రెండో సగంలో 10. ప్రేక్షకులు కేకలు వేసుకోవచ్చు. పైగా 2017 నుంచి దానికి ర్యాంకింగ్ హోదా! ఇది సంతా, స్నూకరా? వెంటనే రద్దు చెయ్యాలి. అది రెండో సవరణ.

మరి గొప్ప ఫ్రేమ్ ఎలా ఉండాలి స్వామీ అని అడిగితే తడుముకోకుండా 1985 ఫైనల్ అంటాడు. స్టీవ్ డేవిస్ 8–0తో దూసుకుపోయాక డెనిస్ టేలర్ పుంజుకుని, 17–17 చేసి, అర్ధరాత్రి దాటాక ఆఖరి నల్ల బంతితో కప్పు ఎగరేసుకుపోయాడు. బ్రిటన్‌లో కోటీ 85 లక్షల మంది టీవీల ముందు మేలుకుని ఉన్నారు. ఆ చివరి ఫ్రేమ్ నడిచింది 68 నిమిషాలు. తన మొదటి సవరణ అప్పుడే అమల్లో ఉంటే ఆ రాత్రి ఏమై ఉండేదన్న ప్రశ్న ఈయనకు వినపడదు. చెవిలో కామెంటరీ ఉందిగా.

ఈయన ప్రణాళికలో అసలు చిక్కు ఇదే. స్నూకర్ చెయ్యడమంటే ప్రత్యర్థి కొట్టాల్సిన బంతికి మరో బంతిని అడ్డం పెట్టడం. ఈయన సవరణలు ఆ పని తమలో తామే చేసుకుంటాయి.

యూకే చాంపియన్‌షిప్ సంగతి చూడండి. ఒకప్పుడు తొలి రౌండ్ల నుంచే 17 ఫ్రేముల మ్యాచ్‌లు ఆడేవారు. 2011లో వాటిని 11కు కుదించారు. ఓర్పునూ నేర్పునూ తూచాలంటే 17 ఉండాల్సిందేనని సంస్కర్త వాదన. అందులో న్యాయం ఉంది. అయితే అదే పేజీ కింది భాగంలో, టూర్‌లోని 128 మందినీ సమానంగా చూడాలని, ఎవరినీ అడ్డదారిన పై రౌండ్లకు పంపరాదని ఇంకో సవరణ. 128 మంది నాకౌట్ ఆడితే 127 మ్యాచ్‌లు. మొదటి రౌండ్‌లోనే 64. పదిహేడు ఫ్రేములంటే టేబుల్‌కు రోజంతా ఒకే మ్యాచ్. ఎనిమిది టేబుళ్లు వేసినా తొలి రౌండ్‌కే ఎనిమిది రోజులు. ఇలాంటి టోర్నీలు ఏడాదికి 20 కావాలన్నది ఆ తర్వాతి పేజీ. లెక్క తేలకపోతే తప్పు క్యాలెండర్‌ది.

పోనీ టూర్‌ను 64 మందికి తగ్గిద్దామా అంటే ఒక సీజన్ పాటు ఆ మాట మీదే నిలబడ్డాడు. 2025లో జావో షింటాంగ్ నిలబడనివ్వలేదు. మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో పడిన నిషేధం పూర్తి చేసుకుని, టూర్ కార్డు కూడా లేని అమెచ్యూర్‌గా వచ్చి, నాలుగు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు గెలిచి, ఫైనల్లో మార్క్ విలియమ్స్‌ను 18–12తో ఓడించి తొలి చైనా ప్రపంచ చాంపియన్ అయ్యాడు. వెంటనే నోటుపుస్తకంలో కొత్త వాక్యం చేరింది: టూర్‌లో 64 మందే ఉండాలి, తలుపు మాత్రం అందరికీ తెరిచి ఉంచాలి. ఆ తలుపు గుండా ఎంతమంది రావచ్చని అడిగితే, 64 మంది.

డబ్బు విషయంలోనూ ఇదే తంతు. 2014 నుంచి ర్యాంకింగ్‌ను రెండేళ్లలో గెలిచిన ప్రైజ్ మనీతో లెక్కిస్తున్నారు. ప్రపంచ విజేతకు 5 లక్షల పౌండ్లు, షూట్ అవుట్ విజేతకు 50 వేలు. ఒక్క కప్పు కొట్టినవాడు రెండేళ్లు కాలు మీద కాలేసుకు కూర్చోవచ్చా? పాయింట్లు తేవాలి! అంతకుముందు ఉన్నవి పాయింట్లే. వాటి మీద కూడా అప్పట్లో ఈయన రాసుకున్న అభ్యంతరాలు పాత నోటుపుస్తకంలో భద్రంగా ఉన్నాయి. 2010లో బారీ హెర్న్ స్నూకర్ నిర్వహణ పగ్గాలు చేపట్టేనాటికి సీజన్‌కు ర్యాంకింగ్ టోర్నీలు ఆరే. ఆటగాళ్లను పస్తులుంచుతున్నారని వాపోయినవాడు ఈయన. టోర్నీలు రెండింతలు దాటాక, ఆటగాళ్లను పరుగులు పెట్టించి చంపుతున్నారని వాపోతున్నవాడూ ఈయనే.

ఇక క్రూసిబుల్. సీట్లు వెయ్యికి లోపే. క్వార్టర్ ఫైనల్స్ ముగిసేదాకా రెండు టేబుళ్ల మధ్య అడ్డతెర కట్టి నెట్టుకొస్తారు. క్యూ వెనక్కి లాగితే మోచెయ్యి ఎక్కడ తగులుతుందో అన్నంత ఇరుకు. టికెట్ దొరకని ఏడాది ఆట పెద్ద హాలుకు మారాలంటాడు. దొరికిన ఏడాది ఇక్కడి ఇటుక కూడా కదలరాదంటాడు. పాము చావాలి, కర్ర విరగకూడదు. హాలు పెరగాలి, గోడలు జరగకూడదు.

2024లో రియాద్ వాళ్లు బంగారు బంతి తెచ్చారు. 147 పూర్తి చేసినవాడు దాన్ని కూడా వేస్తే అదనంగా 20 పాయింట్లు, 5 లక్షల డాలర్లు. శిఖరం ఎక్కినవాడి కోసం పైన స్టూలు వేస్తారా అని సంస్కర్త మండిపడ్డాడు. ఆ వారమే తన సవరణల లక్ష్యాన్ని మాత్రం 167కు పెంచుకున్నాడు.

ఈ జాతి షెఫీల్డ్‌కే పరిమితం అనుకుంటే పొరపాటు. 2016లో ఇండియన్ ఓపెన్ హైదరాబాద్‌లో జరిగింది, ఆంథనీ మెక్‌గిల్ గెలిచాడు. మరుసటి ఏడాది విశాఖలో జాన్ హిగ్గిన్స్. 2019లో కొచ్చి తర్వాత టోర్నీ మళ్లీ కనపడలేదు. అప్పటి నుంచి హైదరాబాద్ పార్లర్లలో ఈ సంస్కర్తకు ఒక తమ్ముడు తయారయ్యాడు. 1875లో జబల్‌పూర్ మెస్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే సైనికాధికారి ఈ ఆట మొదలుపెట్టాడని, ఊటీ క్లబ్‌లో నియమాలు రాసి గోడకు తగిలించారని చెప్పే చరిత్ర తమ్ముడికి కంఠతా వచ్చు. “ఆట పుట్టింది మన దగ్గర, కప్పు వాళ్ల దగ్గర. గిదేం న్యాయం అన్నా? ఫైనల్ ఊటీలనే పెట్టాలె!” అన్నగారు వింటే ఒప్పుకోడు. తమ్ముడి సవరణలో పరస్పర విరుద్ధమైనదేమీ లేదు మరి.

నిజానికి అన్నగారి పుస్తకంలో కూడా అలాంటిది ఒకటుంది. 2010లో గ్లాస్గోలో జరిగిన వరల్డ్ ఓపెన్‌లో ఓసలివన్ ఫ్రేమ్ మొదట్లోనే ఆట ఆపి, 147 కొడితే ఎంతిస్తారని రిఫరీ యాన్ వెర్హాస్‌ను అడిగాడు. ప్రత్యేక బహుమతి లేదని తెలిసింది. అయినా గులాబీ బంతి దాకా లాగించి, 140 దగ్గర ఆపేసి, ప్రత్యర్థితో చేతులు కలిపాడు. అభిమానుల కోసమైనా వెయ్యమని వెర్హాస్ నచ్చజెబితే ఆఖరి నల్ల బంతి వేశాడు. దాని మీద సంస్కర్త రాసుకున్న సవరణ ఇది: రిఫరీ జేబులో బహుమతుల పట్టిక ఒకటి ఉండాలి. ఖర్చు ఒక కాగితం. కాదనేవాడు లేడు. వాదించడానికి ఎవరూ మిగలని ఆ సవరణను ఆయన ఇంతవరకూ ఎవరికీ చదివి వినిపించలేదు.