అంగుళాల న్యాయం

1959 నాటి ఆయుధాల చట్టం కత్తిని కొలిచి చూస్తుంది. 2016 నిబంధనల ప్రకారం, పిడి వదిలేస్తే 9 అంగుళాలకు మించి పొడవున్నా, 2 అంగుళాలకు మించి వెడల్పున్నా అది మారణాయుధాల కోవలోకి వస్తుంది. కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో దాన్ని దగ్గర ఉంచుకోవాలంటే లైసెన్సు తప్పనిసరి. ఎనిమిదిన్నర అంగుళాల కత్తికి ఈ బెడద లేదు; పోటు తిన్నవాడికి మాత్రం ఆ అరంగుళం తేడా అంతగా తెలియదు.

ఇంటికి, పొలానికి, ప్రయోగశాలకు, పరిశ్రమకు తయారైనవాటికి మినహాయింపు ఉంది. అందుకే కొబ్బరిబొండాల కత్తి నడివీధిలో దర్జాగా మెరుస్తుంది. కొడవలి కోతకు వచ్చిందా, కక్షకు వచ్చిందా అన్నది పంచనామా రాసేవారు తేల్చాలి. చట్టం లాఠీని కూడా ఇంటి, పొలం వస్తువుల సరసనే కూర్చోబెట్టింది. ఊరేగింపుల్లో వీపులు వాచినవారికి ఇది గొప్ప ఊరట.

సిక్కులు కృపాణం ధరించే హక్కును రాజ్యాంగంలోని 25వ అధికరణమే గుర్తించింది. అక్కడ పేచీ లేదు.

పేచీ అంతా కేకు దగ్గరే. పుట్టినరోజున తల్వారుతో కేకు కోసి వీడియో పెట్టిన కుర్రాళ్ల మీద పోలీసులు కేసులు కడుతున్నారు. బహిరంగ సభలో అభిమానులు ఇచ్చిన ఖడ్గాన్ని నాయకుడు గాల్లోకి ఎత్తి తిప్పితే మాత్రం అది సన్మానం. వేదిక మీది కత్తులను కొలిచే టేపు స్టేషన్లకు ఇంకా సరఫరా అయినట్టు లేదు.